సయ్యద్ అబ్దుల్ రహీం: ఒక ఉపాధ్యాయుని జీవితగాథ



క్రీడల చరిత్రను తిరగవేసినప్పుడు మనకు మొదట కనిపించేవి గోలు కొట్టినవారి పేర్లు, కప్పు చేతబట్టి నిలుచున్నవారి ఛాయాచిత్రాలు. ఆ చిత్రంలో ఒక మూల నిలబడిన గురువు ఎవరని అడిగితే చెప్పగలిగినవారు అరుదు. తెలుగునేలపై పుట్టి, బడిపంతులుగా జీవించి, భారత ఫుట్‌బాల్ జట్టును రెండు పర్యాయాలు ఆసియాఖండంలో అగ్రస్థానాన నిలిపిన ఒక మహనీయుని గురించి నేను ఒకనాడు తరగతిలో ప్రశ్నించాను. క్రికెట్ వీరుల పేర్లను గుక్కతిప్పుకోకుండా ఏకరువు పెట్టిన విద్యార్థులు ఆ ప్రశ్న దగ్గర మౌనం వహించారు. ఆ తప్పు వారిది కాదు. చెప్పవలసిన మేము చెప్పలేదు. ఆ లోటును కొంతైనా తీర్చవలెనన్న తలంపుతో ఈ వ్యాసాన్ని వ్రాస్తున్నాను. ఆ మహనీయుడే సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు ఆటగాళ్లకు ఆయన ఎన్నడూ ఉత్త రహీం కాడు, రహీం సాహెబు.

ఆయన 1909వ సంవత్సరం ఆగస్టు 17వ తేదీన హైదరాబాదు నగరంలో జన్మించారు. అప్పటికి ఆ నగరం నిజాం సంస్థానానికి రాజధాని. రహీం విద్యాభ్యాసమంతా అక్కడే సాగింది. 1918లో స్థాపితమై, ఉన్నతవిద్యను ఉర్దూ మాధ్యమంలో బోధించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆయన పట్టభద్రులైనారు. చదువుకొనే రోజులలోనే విశ్వవిద్యాలయ జట్టులో మంచి ఆటగాడిగా పేరు గడించారు. ఆ తరువాత నగరంలోని కమర్ క్లబ్బు పక్షాన కూడ ఆడారు. కాని ఆటగాడిగా ఆయన సాధించినది చరిత్రలో నిలిచేటంత గొప్పదని చెప్పలేము. ఆయన ప్రతిభ అసలు ప్రకాశించినది మైదానపు గీత ఇవతల నిలబడిన తరువాతనే.

పట్టం పుచ్చుకొన్న పిమ్మట రహీం ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల - ఇవి ఆయన పనిచేసిన బడులు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా సంపాదించి, పాఠశాలల క్రీడా వ్యవహారాలను కూడ చేపట్టారు. ఉపాధ్యాయుడు శిక్షకుడుగా మారినాడని సాధారణంగా అంటారు. నా దృష్టిలో ఆయన మారనే లేదు. తరగతి గదిలో నల్లబల్ల ముందు చేసిన పనినే మైదానంలో పచ్చిక మీద చేశారు. కష్టమైన దానిని ముక్కలుగా విడగొట్టి చెప్పుట, చెప్పినదానిని పదేపదే చేయించుట, వెనుకబడినవానిని విడిచిపెట్టకుండుట - ఈ మూడూ ఒక మంచి పంతులు లక్షణాలు. రహీం సాహెబు విజయరహస్యమంతా వాటిలోనే ఉన్నది.

1940ల తొలినాళ్లలో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయినారు. ఆ కాలంలో మనదేశంలో ఆట అంటే బంతిని కాలి దగ్గర అట్టిపెట్టుకొని ఎదుటివారిని ఒక్కొక్కరిని తప్పించుకొంటూ పోవడమే. చూపరులకు అది కన్నులపండువు. కాని ఎంతటి నేర్పరి అయినా ఇద్దరు ముగ్గురి నడుమ చిక్కుకొన్నప్పుడు బంతి పోయేది, దానితో జట్టు శ్రమ అంతా వృథా అయ్యేది. రహీం సాహెబు ఈ పద్ధతిని మాన్పించారు. వచ్చిన బంతిని ఒక్క స్పర్శతో పక్కవానికి అందించి, తాను ఖాళీ స్థలంలోకి పరుగెత్తవలెనని నేర్పారు. బంతి కంటె వేగంగా పరుగెత్తగల మనిషి లేడు గనుక, మనిషికి బదులు బంతినే పరుగెత్తించవలెనన్నది ఆయన సిద్ధాంతం.

ఆయన ఏర్పాటు చేసిన పోటీలు కూడ విచిత్రమైనవి. మనలో చాలమందికి కుడికాలు వాటం, ఎడమకాలు ఉత్త ఊతం. అందుచేత వాటం లేని కాలితో మాత్రమే బంతిని తన్నవలెనన్న నియమంతో ఆయన ప్రత్యేకంగా పోటీలు జరిపారు. పొట్టివారు ఆటకు పనికిరారన్న అపోహను తొలగించుటకు తక్కువ ఎత్తు గలవారికి వేరుగా పోటీలు పెట్టారు. ఈ విధంగా నగరంలోని పేటపేటలా ఆడే కుర్రవాళ్లను ఆయన చూచేవారు, తూచేవారు, ఎంచుకొనేవారు. ధనము, వంశము, మతము, భాష - వీటిలో ఏదీ ఆ ఎంపికలో లెక్కకు రాలేదు.

తులసీదాస్ బలరాం కథ ఇందుకు ఒక నిదర్శనం. సికిందరాబాదు సమీపాన అమ్ముగూడలో పేద కుటుంబంలో పెరిగిన ఈ బాలుని ఆటను చూచి రహీం సాహెబు హైదరాబాదుకు వచ్చి సాధన చేయమన్నారు. దూరం చాల ఎక్కువ, రానుపోను ఖర్చు భరించే శక్తి ఆ ఇంటికి లేదు. అద్దె సైకిలుకు అయ్యే డబ్బును గురువే సర్దుబాటు చేసిన సంగతిని బలరాం వృద్ధాప్యంలో కూడ కృతజ్ఞతతో తలచుకొనేవారు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రవాడే తరువాత రెండు ఒలింపిక్స్‌లలో భారతదేశం పక్షాన ఆడాడు.

1950లో రహీం సాహెబు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులైనారు. అక్కడి నుండి ఆ జట్టు జైత్రయాత్ర ఆరంభమైనది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సంవత్సరాలు ఆ పోలీసులే గెలుచుకొన్నారు. ఢిల్లీలో జరిగిన 1950 నాటి డ్యూరాండ్ కప్పు ఫైనల్లో కలకత్తా మహాజట్టు మోహన్ బగాన్‌ను ఓడించారు. 1954లో మరల ఆ కప్పును తెచ్చారు. అంతవరకు భారత ఫుట్‌బాల్ అంటే కలకత్తా అన్న మాట చెల్లింది. దక్కను పీఠభూమి నుండి వచ్చిన జట్టు ఆ మాటను చెరిపివేసింది. రాష్ట్రాల నడుమ జరిగే సంతోష్ ట్రోఫీని కూడ 1956-57లోను, 1957-58లోను హైదరాబాదే గెలిచింది.

ఇక జాతీయ జట్టు విషయానికి వద్దాం. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన ఆటగాళ్లలో అత్యధికులు బూట్లు లేకుండా, కాళ్లకు పట్టీలు చుట్టుకొని ఆడారు. ఫ్రాన్సు చేతిలో 1-2 గోళ్ల తేడాతో ఓడినా, ఆ వట్టికాళ్ల ఆటను చూచి లండన్ నగరం ముచ్చటపడింది. ఆ మరుసటి సంవత్సరమే, 1949లో, పశ్చిమాఫ్రికాలోని నైజీరియా నుండి ఒక జట్టు ఇంగ్లండు పర్యటనకు వెళ్లింది. వారిలో కూడ అధికులు వట్టికాళ్లతోనే ఆడారు. వలస పాలనను చవిచూచిన రెండు దూరదేశాల బిడ్డలు ఒకే తీరున ఆ గడ్డపై అడుగుపెట్టారన్నమాట. చూచినవారికి అది వింత. మనకు, వారికి మాత్రం అది నిత్యజీవితం. బూట్లు అలవాటు లేని కాలికి బూట్లు తొడిగితే బంతి తగిలినట్లే ఉండదు.

1951 మార్చిలో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. రహీం సాహెబు శిక్షణలో భారత జట్టు ఫైనల్లో ఇరానును 1-0 గోలుతో ఓడించి స్వర్ణపతకం సాధించింది. ఆ గోలు సాహూ మేవాలాల్‌ది. దేశమంతా ఆనందించింది. కాని మరుసటి సంవత్సరమే ఆ ఆనందానికి గ్రహణం పట్టింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 1-10 గోళ్ల తేడాతో చిత్తుగా ఓడిపోయింది. ఉత్తరదేశపు చలిలో, మనలో పలువురు అక్కడ కూడ బూట్లు లేకుండానే ఆడారు. ఇటువంటి పరాజయం తరువాత చాలమంది శిక్షకులు సాకులు వెదకుతారు, లేదా పదవి విడిచి వెళ్తారు. రహీం సాహెబు ఆ రెండూ చేయలేదు. పరీక్షలో తప్పిన విద్యార్థి వలె తన పాఠాన్ని తాను తిరిగి చదువుకొన్నారు.

ఆ తరువాత దేశంలో ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి చేశారు. ఆట పద్ధతి కూడ మారవలెనని రహీం సాహెబు గ్రహించారు. 1953లో హంగరీ జట్టు లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ఇంగ్లండును 6-3 గోళ్లతో ఓడించి ప్రపంచాన్ని నివ్వెరపరచింది. ఆ జట్టు సెంటర్ ఫార్వర్డ్ ముందుకు పోక వెనుకకు జరిగి ఆడేవాడు. అతనిని పట్టుకొనుటకు ఎదుటి రక్షకుడు వెంట వస్తే వెనుక ఖాళీ ఏర్పడేది, రాకపోతే అతడే ఆటను నడిపేవాడు. ఈ ఉపాయాన్ని రహీం సాహెబు మన ఆటగాళ్లకు తగినట్లు మలచుకొన్నారు. క్రమేణ ఆయన జట్టు నలుగురు రక్షకులు, ఇద్దరు మధ్యస్థులు, నలుగురు ఫార్వర్డులు అన్న వ్యూహానికి చేరింది. ఇదే వ్యూహంతో 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్పు గెలిచిన తరువాత గాని లోకం దానిని గట్టిగా పట్టించుకోలేదు. విదేశీ పుస్తకాలు అరుదైన కాలంలో, ఒక బడిపంతులు ఆ ఆలోచన దగ్గరకు చేరుకొన్నాడన్నది మనం గర్వించవలసిన విషయం.

1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అవతరించింది. అదే నెలలో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో ఒలింపిక్స్ ప్రారంభమైనాయి. అప్పటి భారత జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికారుద్దీన్, బలరాం మొదలైన హైదరాబాదు ఆటగాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. తొలి పోటీలో ప్రత్యర్థి హంగరీ వైదొలగినందున మనకు ఆడకుండానే ముందడుగు లభించింది. తరువాత ఆతిథ్యదేశమైన ఆస్ట్రేలియాను మనవారు 4-2తో ఓడించారు. అందులో 3 గోళ్లు నెవిల్ డిసౌజా ఒక్కడే కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశంగా భారతదేశం చరిత్రకెక్కింది. సెమీఫైనల్లో ఎదురైనది మరల యుగోస్లావియాయే. మొదటి గోలు మనదే అయినప్పటికీ చివరకు 1-4తో ఓడాము. కంచుపతకం కొరకు జరిగిన ఆటలో బల్గేరియా 3-0తో గెలిచింది. మనకు దక్కినది 4వ స్థానం. నాలుగేండ్ల క్రితం పదిగోళ్లు సమర్పించుకొన్న జట్టుకు అది సామాన్యమైన ప్రగతి కాదు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన జట్టు మరింత కఠినమైన పరీక్షను ఎదుర్కొన్నది. హంగరీతో 1-2 తేడాతో ఓడి, ఫ్రాన్సుతో 1-1గా సమం చేసి, పెరూతో 1-3 తేడాతో ఓడిపోయింది. ఆ జట్టులో ఎంపికైనవారిలో రహీం సాహెబు కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడ ఒకరు. ఆ మూడు ఆటలలో ఒక్కదానిలోనైనా హకీంకు మైదానంలో దిగే అవకాశం రాలేదు. శిక్షకుడు తండ్రియే. ఆయన ఒక్కమాట అంటే కాదనేవారు లేరు. ఆ మాట ఆయన నోట రాలేదు. కన్నబిడ్డకు, బయటిబిడ్డకు ఒకే కొలబద్ద వాడుట ఎంత కష్టమో ఉపాధ్యాయులకు, తలిదండ్రులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ లోపల ఒక దారుణ వ్యాధి ఆయనను లోలోపల తినివేయసాగింది. సిగరెట్టు వెంట సిగరెట్టు కాల్చే అలవాటు ఆయనకు ఉండేది. ఊపిరితిత్తులకు క్యాన్సరు సోకింది. అంతటి క్రమశిక్షణ గల మనిషి ఆ ఒక్క దురభ్యాసాన్ని జయించలేకపోవుట విచారకరం. మీలో ఎవరైనా ఈ వ్యాసంలోని విజయాలను మరచినా, ఈ సంగతిని మాత్రం మరువకూడదని నా మనవి.

1962లో ఇండోనేషియా రాజధాని జకార్తాలో నాల్గవ ఆసియా క్రీడలు జరిగాయి. వ్యాధిగ్రస్తుడైన రహీం సాహెబు జట్టు వెంట వెళ్లారు. తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయాము. తరువాత థాయిలాండుపై 4-1తోను, జపానుపై 2-0తోను గెలిచినా, వెనుకరక్షణకు వెన్నెముక వంటి జర్నైల్ సింగుకు తలపై గాయమై కుట్లు పడినవి. గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరంతో మంచం పట్టాడు. ఇట్టి స్థితిలో రహీం సాహెబు ఒక సాహసం చేశారు. తలకు దెబ్బ తగిలినందున వెనుక రక్షకుడుగా ఆడలేని జర్నైల్ సింగును సెంటర్ ఫార్వర్డ్ స్థానంలో దింపారు. దక్షిణ వియత్నాంపై సెమీఫైనల్లో 3-2 గోళ్లతో గెలుపు లభించింది. మూడు గోళ్లలో ఒకటి జర్నైల్‌దే.

ఫైనల్లో ప్రత్యర్థి మనలను ముందే ఓడించిన దక్షిణ కొరియా. దానికి తోడు జకార్తా ప్రజలు మనపై ఆగ్రహంతో ఉన్నారు. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను క్రీడలకు రానీయనందుకు మన దేశానికి చెందిన క్రీడాధికారి జి.డి. సోంధీ అభ్యంతరం తెలిపారు; ఆ కోపం ఆటగాళ్లపైకి మళ్లింది. ఫైనల్‌కు ముందురాత్రి రహీం సాహెబు ఆటగాళ్లను దగ్గరకు పిలిచి, తనకు ఒక కానుక కావలెనని, రేపు ఆ స్వర్ణమే తనకు కానుక అని కోరినట్లు వారు తరువాత తలచుకొన్నారు. తనకు మరొక ఆసియా క్రీడ చూచే ఆయువు లేదని ఆయనకు తెలిసియుండును. పిల్లలకు జీవితమంతా ఇచ్చిన గురువు వారిని అడిగిన గురుదక్షిణ అదే.

1962 సెప్టెంబరు 4వ తేదీ. కిక్కిరిసిన స్టేడియం. మనవారి కాలికి బంతి తగిలితే చాలు, ఈలలు, కేకలు. ఆ సముద్రఘోషలో మనకు అండగా కేకలు వేసిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారని మన క్రీడాకారులు చెప్పుకొనేవారు. జ్వరం నుండి కోలుకొన్న తంగరాజ్ తిరిగి గోలు ముందు నిలిచాడు. తొలి భాగంలోనే పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగు ఒక గోలు కొట్టారు. కొరియా ఆట చివరలో ఒక్కటి మాత్రమే తిరిగి ఇవ్వగలిగింది. 2-1. భారతదేశం ఆసియా విజేత అయినది. చూనీ గోస్వామి నాయకత్వంలో ఆడిన ఆ జట్టులో బలరాం, యూసుఫ్ ఖాన్, హైదరాబాదులో పుట్టిన తంగరాజ్ - ఇలా మన ప్రాంతపు వాసన బలంగా ఉండినది. గురువు అడిగిన కానుక గురువుకు చేరింది.

ఆ తరువాత ఆయన ఎక్కువ కాలం జీవించలేదు. 1963 జూన్ 11వ తేదీన హైదరాబాదులో పరమపదించారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు.

ఆయన తరువాత ఏమైనది? కొంతకాలం ఆయన నాటిన చెట్టు పండ్లు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. హైదరాబాదుకు చెందిన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో భారత జట్టు 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కంచుపతకం సాధించింది. మహమ్మద్ హబీబ్ 1977లో కలకత్తాలో, పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుపై మోహన్ బగాన్ పక్షాన గోలు కొట్టాడు. కాని ఈ నయీం, హబీబ్, అంతకు ముందు బలరాం - అందరూ ఉపాధి కొరకు, పేరు కొరకు కలకత్తా క్లబ్బులకు వెళ్లినవారే. ఆటగాడికి పుట్టిన ఊరు అన్నం పెట్టలేకపోతే అతడు పరాయి ఊరు చేరక తప్పదు.

ఇది మన ఒక్కరి కథ కాదు. వెనుక చెప్పిన నైజీరియా జట్టుతో 1949లో ఇంగ్లండు వెళ్లిన టెస్లిం బలోగన్ అనే ఆటగాడు, 1955లో మరల ఆ దేశం చేరి పీటర్‌బరో, ఆ పైన క్వీన్స్ పార్క్ రేంజర్స్ క్లబ్బుల పక్షాన ఆడాడు. కాని అతడు అంతటితో ఆగలేదు. శిక్షణ విద్యను అభ్యసించి స్వదేశానికి తిరిగివచ్చి, 1968 మెక్సికో ఒలింపిక్స్‌కు నైజీరియా జట్టును తయారు చేశాడు. వెళ్లినవారు తిరిగివచ్చి మరొక తరానికి నేర్పితేనే ఆట నిలుస్తుంది. మన వద్ద రహీం సాహెబు స్థానంలో అట్టి గురువులను తయారుచేసే ఏర్పాటు జరుగలేదు. ఒక వ్యక్తి మీద ఆధారపడిన భవనం ఆ వ్యక్తితోనే ఒరిగింది. 1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం భారత పురుషుల జట్టుకు మరల దక్కలేదు.

శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో ఏర్పడింది. అప్పటికి ద్రోణుని వంటి ఈ గురువు గతించి 22 సంవత్సరాలు. 2024లో ఆయన జీవితం ఆధారంగా మైదాన్ అనే హిందీ చలనచిత్రం వచ్చిన తరువాత గాని దేశంలో అనేకులకు ఆయన పేరు తెలియలేదు. కుమారుడు హకీం ఆ చిత్రం చూడకుండానే 2021లో కన్నుమూశారు. బలరాం 2023లో పోయారు. గురువును కళ్లారా చూచినవారు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

మిత్రులారా! సాయంకాలం మన కళాశాల వెనుక నల్లరేగడి నేలపై చెప్పులు విడిచి బంతి తన్నే మిమ్ములను నేను చూస్తూనే ఉంటాను. వాన కురిస్తే ఆ నేల కాలికి అతుక్కుంటుంది, ఎండ కాస్తే నెర్రెలు విచ్చుతుంది. కుందూ తీరపు ఈ చిన్న ఊరి నుండి మీలో కొందరు ఉద్యోగాలకు హైదరాబాదు వెళ్తారు, కొందరు కువైటు వెళ్తారు. వెళ్లవద్దని చెప్పే హక్కు నాకు లేదు. మీలో ఒక్కరు, ఏ విద్యలోనైనా సరే, నేర్చినదానిని మూటగట్టుకొని తిరిగివచ్చి ఈ నేలపై ఆడే పిల్లలకు నేర్పితే చాలు. మీరు వచ్చేవరకు ఇక్కడ ఎవరైనా నిలబడవలసియున్నది. ఆ నిలబడుట మా వంతు. రహీం సాహెబు బడిపంతులు, నేనూ పంతులునే. ఆయన చరిత్ర వ్రాస్తున్నంతసేపు, అద్దె సైకిలు లేక మైదానానికి రాలేని కుర్రవాడు నా తరగతిలో ఎవడున్నాడో నేను గమనించానా అన్న ప్రశ్న నన్ను విడువలేదు. ఈ వ్యాసం అచ్చుపడే నాటికైనా దానికి సమాధానం చెప్పగలవాడినైతే, ఆయనకు నేను అర్పించిన నివాళి సార్థకమైనట్లే భావిస్తాను.